ఉత్తర దీపం జవాబు

"పాచికలు మాత్రం వద్దు బాబూ," అంది వకుళమ్మ.

తెర మీద రెండు తెల్లటి పాచికలు ఇంకా దొర్లుతూనే ఉన్నాయి. డాక్టర్ ఇమాం వలీ వాటిని వేలితో ఆపి ఆవిడ వైపు తిరిగాడు. కాకినాడ భానుగుడి జంక్షన్ దగ్గర అతను నడిపే అక్షరశాలలో ఆ సాయంత్రం బల్లలన్నీ నిండి ఉన్నాయి. అందరూ తలలు వంచుకుని టైపు చేసుకుంటున్నారు. కీబోర్డుల టకటకలు తప్ప మాటా పలుకూ లేదు.

కళ్ళకు తొడుక్కుని ఆడే బొమ్మల ఆటలు ఒకప్పుడు ఊరిని ఊపేశాయి. ఆడినవాళ్ళకు తల తిరుగుడు జబ్బు పట్టుకోవడంతో జనం ఆ తొడుగులను అటకెక్కించారు. తర్వాత వచ్చినవి ఈ అక్షరాల ఆటలు. బొమ్మ ఉండదు, రంగు ఉండదు. నలుగురూ కలిసి ఒక లోకాన్ని ఎంచుకుని, తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా వాక్యాలు రాసుకుంటూ పోవడమే ఆట. ఓడరేవులో పనిచేసి రిటైరైనవాళ్ళు ఒక బల్ల దగ్గర సముద్రపు దొంగలై తిరుగుతున్నారు. ఇంకో బల్ల దగ్గర కాలేజీ అమ్మాయిలు దయ్యాలకు కోర్టు నడుపుతున్నారు.

"ఇవి డబ్బులు పెట్టి ఆడే పాచికలు కావమ్మా," అన్నాడు ఇమాం వలీ నెమ్మదిగా. "తుపానులో పడవ ఒడ్డుకు చేరిందా, మునిగిందా? ఎవరో ఒకరు తేల్చాలి కదా. పాచిక తేలిస్తే తగువుండదు. మొన్న బ్యాంకు ఉద్యోగులు నలుగురు రాజుల ఆట మొదలుపెట్టారు. నియమాలు పెట్టుకోలేదు. యుద్ధంలో ఎవడికి వాడే నేను చావనన్నాడు. ఇప్పుడు ఆఫీసులో కూడా మాట్లాడుకోవడం లేదట."

వకుళమ్మ నవ్వింది. "అయినా వద్దు. మా అమ్మ పాచికల్ని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఆవిడ పోయాక నేను తొక్కనిస్తానా?"

"అయితే ఇంకో పద్ధతి ఉంది. స్వభావ నియమం." అతను బల్ల కింద ఉన్న నల్లటి పెట్టెను కాలితో తాకి చూపించాడు. దాని పేరు సూత్రధారి. దాన్ని తయారు చేసినవాళ్ళలో అతనూ ఒకడు. "ఇందులో మాయేం లేదమ్మా. మీరు రాసింది చదువుతుంది. ఏ మాట దగ్గర ఆగారు, ఏది రాసి చెరిపేశారు, అన్నీ చూస్తుంది. కొన్నాళ్ళకు మీరు తర్వాత ఏం రాస్తారో చెప్పేస్తుంది. కోడలు గరిటె పట్టుకున్న తీరు చూసి కూరలో ఉప్పెంత పడుతుందో అత్తగారు చెప్పేస్తుంది చూడండి, అలాగ. ఆటలో ఏం జరగాలో పాచిక బదులు మీ పాత్ర స్వభావాన్ని బట్టి ఇదే తేలుస్తుంది."

"అది బాగుంది. మనిషిని బట్టే కదా ఏదైనా జరిగేది."

"ఒక్క తేడా ఉంది, వినండి. పాచికల పద్ధతిలో మీరు రాకపోతే మీ వంతు ఆగిపోతుంది. ఇందులో ఆగదు. అవతలివాళ్ళు రాసి, మీరు లేకపోతే, మీ బదులు ఇదే రాసేస్తుంది. ఆ వాక్యాల పక్కన గుర్తు పెట్టమంటారా?"

వకుళమ్మ ఆలోచించింది. తను లేనట్టు అవతలి మనిషికి తెలియడం ఆవిడకు ఇష్టం లేదు. పలకరిస్తే పలకలేదని మళ్ళీ ఇంకో నింద ఎందుకు? "గుర్తొద్దు. ఇది రాస్తుందన్న సంగతే అవతలికి చెప్పొద్దు," అంది.

అవతలి మనిషి ఆవిడ చెల్లెలు హైమవతి. ఉండేది తునిలో. గంటన్నర ప్రయాణమే. ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు.

ఆ ఇంట్లో ఎవరి తిథి ఎప్పుడో, ఏ పెళ్ళిలో ఏ హారతి పాడారో, ఎవరి ఉయ్యాల ఎవరింటికి చేరిందో చెప్పగలిగేది వకుళమ్మ ఒక్కతే. అమ్మ పాడిన మంగళహారతులన్నీ హైమ ఫోన్లో ఉండేవి. ఆ పాత ఫోన్ను హైమ కొత్తదానికి మారకంగా ఇచ్చేసింది. పాటలు తీసి దాచుకోవాలన్న సంగతి గుర్తు రాలేదు. అమ్మ సంవత్సరీకం రోజున ఆ సంగతి బయటపడింది. వకుళమ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజూ మెల్లగానే అంది, కానీ పంక్తిలో అందరూ విన్నారు. "అమ్మని నువ్వు రెండోసారి చంపావే."

హైమ విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

ఆ మాట వెనక్కి తీసుకోవాలని వకుళమ్మ పూజలో కూర్చున్నప్పుడల్లా అనుకునేది. ఫోను ఎత్తేది, దించేసేది. ఎదురుగా నిలబడితే నోరు పెగలదని తెలుసు. వీళ్ళకు వరసకు వదినయ్యే రంగమణి ఈ ఆట సంగతి చెప్పి, హైమను అటు వైపు తునిలోని అక్షరశాలలో కూర్చోబెట్టింది. "మీరెవరో ఒకరికొకరికి తెలియనట్టే రాసుకోండి. దాగుడుమూతలు ఆడే వయసు కాదు గానీ, మీకిదే దారి," అంది రంగమణి.

"లోకం ఏది పెట్టమంటారు?" ఇమాం వలీ అడిగాడు. "రాజ్యాలున్నాయి, అంతరిక్షం ఉంది, పాతకాలపు పల్లెలున్నాయి."

"మా చిన్నప్పటి ఇల్లు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. కానీ వద్దంటాను. సొంత ఇంట్లో నిలబడితే మనిషి సొంత మనిషే అయిపోతాడు. కాస్త మరుగు కావాలి. మరుగుంటేనే నిజం బయటకొస్తుంది."

చివరికి వకుళమ్మే కల్పించింది. ఒక జలసంధి. అటొక దీపస్తంభం, ఇటొక దీపస్తంభం. ఒక్కోదానికి ఒక్కో కావలి మనిషి, ఉత్తరాన తను, దక్షిణాన హైమ. మధ్యలో ఓడలు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలుసుకోరు. దీపం వెలిగించీ ఆర్పీ కబుర్లు చెప్పుకుంటారు. దీపం అనేసరికి ఆవిడ మనసు కుదుటపడింది.

ఆట మొదలుపెట్టే ముందు సూత్రధారి ఆవిడ స్వభావం తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు అడిగింది. 'ఎవరితోనైనా చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఏదైనా ఉందా?' అన్నది ఒకటి. యంత్రం దగ్గర అబద్ధమెందుకని వకుళమ్మ ఉన్నదున్నట్టు, అమ్మ పాటల దగ్గర్నుంచి అంతా రాసింది. రాసి కళ్ళు తుడుచుకుంది.

మొదటి వారం ఇద్దరూ ఆచితూచి రాశారు. గాలి ఎటుందో, ఎన్ని ఓడలు పోయాయో, అంతే. తర్వాత ఒకరోజు దక్షిణ దీపం ఇలా రాసింది: 'ఉత్తర దీపమా, నీ వెలుగు ఆవులిస్తోంది. పగలంతా జపం చేసి రాత్రి కునుకు తీస్తున్నావా?'

వకుళమ్మ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. 'నా వెలుగు నిలకడైనది. నీ వెలుగే చిన్నప్పటి నుంచీ గంతులేస్తుంది. నీ ఒత్తి ఎవరు చేశారు? సగం దూది నీ చెవుల్లో పెట్టుకున్నావా?'

'చెవుల్లో పెట్టుకోబట్టే నీ సణుగుడు భరించగలుగుతున్నాను.'

ఆ రోజు ఆవిడ ఇంటికి పోతూ దారంతా నవ్వుకుంది. తొమ్మిదేళ్ళలో చెల్లెలు తనను ఆటపట్టించడం అదే మొదలు.

మధ్యలో ఆవిడకు జ్వరం వచ్చింది. తగ్గాక వచ్చి చూస్తే ఉత్తర దీపం పేరుతో సూత్రధారి తన బదులు రాసి ఉంది: 'ఒత్తి ఎగదోశాను. గాలి నెమ్మదించింది. నువ్వు కాస్త తిని పడుకో.' అచ్చం తను రాసినట్టే ఉంది. 'మంచిదే, దీపం ఆరకుండా చూసుకుంది,' అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

ఏకాదశి నాడు వకుళమ్మ తెర ముట్టదు. ఉపవాసం, జపం, విష్ణు నామం, అంతే. ఆ సంగతి హైమకూ తెలుసు. అందుకే ఏకాదశి వస్తే హైమ కూడా తన వంతు రాసేది కాదు. ముక్కోటి దగ్గరపడేసరికి వకుళమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. ఏకాదశి ఉపవాసం ఉండి, ద్వాదశి పారణ చేసి, శుచిగా వెళ్ళి ఆ మాట రాసేయాలి. జపం చేసుకుంటూ వాక్యాలు పేర్చుకుంది. పేర్చినవి పేర్చినట్టే చెదిరిపోయాయి. అయినా భయం వేయలేదు.

ద్వాదశి నాడు అక్షరశాల తలుపులు తీసేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. తెర తెరిచింది.

ముక్కోటి నాడు దక్షిణ దీపం రాసి ఉంది. 'ఉత్తర దీపమా, ఈ పూట నువ్వు వినవని తెలిసే రాస్తున్నాను. వింటే రాయలేను. ఎప్పుడో నువ్వొక మాటన్నావు. ఇన్ని తుపాన్లు పోయాయి, ఆ మాట మాత్రం పోలేదు.'

దాని కింద ఉత్తర దీపం జవాబు.

'ఆ మాట నాదే. గాలి మీద నెట్టను. అమ్మ గొంతు పోయిందన్న దుఃఖం ఒక్కదాన్నే మోయలేక నీ నెత్తిన పెట్టాను. ఆ గొంతు నీకూ అమ్మదేనని నాకు తోచలేదు. నీ ఏడుపు నిన్ను ఏడవనివ్వలేదు, అది నా పెద్ద తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెలుగు పంపుతున్నాను, కనిపిస్తోందా?'

ఆ కింద హైమ పాత్రా గీత్రా అన్నీ వదిలేసి రాసిన వాక్యం ఉంది. 'కనిపిస్తోందక్కా. ఇక నాకే తుపానూ లేదు.'

ఇమాం వలీ వచ్చి ఆవిడ భుజం మీదుగా తెర చదివాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"ఎంత బాగా రాశారమ్మా!"

"రాసింది నేను కాదు బాబూ. నిన్న నేను ఏకాదశి ఉన్నాను."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇందులో మీరు అనని మాట, అనకూడని మాట ఏదైనా ఉందా? యంత్రం తప్పు చేసి ఉంటే చెప్పండి, సరిదిద్దుతాను."

ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చదివింది. "లేదు. అన్నీ నా మనసులోవే. నాకు పేర్చడం చేతకానివి కూడా పేర్చింది."

"మరి బాధెందుకమ్మా? రాసింది ఎవరైనా, మాట మీదే."

"మాట నాదే బాబూ. దాన్ని మోసుకెళ్ళి మా చెల్లి చేతిలో పెట్టడం కోసమే కదా ఇన్నేళ్ళు బతికింది. నువ్వు పూజ చేద్దామని స్నానం చేసి వచ్చేసరికి ఇంకెవరో చేసేసి ప్రసాదం కూడా పంచేశారనుకో, ఎలా ఉంటుంది?"

"మీ చెల్లెలుగారితో చెప్పేయండి," అన్నాడు ఇమాం వలీ మెల్లగా. "నిజం చెబితే ఆవిడ అర్థం చేసుకుంటారు."

"చెబుతాను. వచ్చినప్పుడు చెబుతాను."

ఆ సాయంత్రమే హైమ ఫోను చేసింది. ఆటలోకి ఇక రానంది. దాని కోసమే వచ్చాను, అయిపోయింది కదా, ఇక అక్షరాలతో పనేముంది, వచ్చే ఏకాదశికి ఇంటికే వస్తానంది. ఆ గొంతు విని వకుళమ్మ అవతలకు వినిపించకుండా ఏడ్చింది. యంత్రం మాట ఫోనులో ఎత్తలేకపోయింది.

హైమ వచ్చింది. జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే గంతుల నడక. వకుళమ్మ తన ఉపవాసం తనదిగా ఉంచుకుని, చెల్లెలి కోసం కందాబచ్చలికూర, పులిహోర చేసింది. విస్తరి వేసి పిలిచింది.

"నాకొద్దక్కా. నేనూ ఇవాళ ఉపవాసం."

"నువ్వా? ఏకాదశి నాడే రెండుసార్లు టిఫిను తినేదానివి కదే!"

"తినేదాన్నే." హైమ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ముక్కోటి నాడు నువ్వు చూడవని ధైర్యంగా రాశానక్కా. రాసి లేవబోతుంటే నీ జవాబు వచ్చింది. నా ఒళ్ళు జలదరించింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఏకాదశి నాడు తెర ముట్టని మనిషివి. నా కోసం ముట్టావు. నిజం చెప్పనా? మామూలు రోజున రాసుంటే, ఏదో ఆటలో అందిలే అనుకునేదాన్ని. నీ నియమం చెడగొట్టుకుని రాశావు కాబట్టే నమ్మాను."

వకుళమ్మ గరిటెతో పులిహోరను ఊరికే కలిపింది.

"నా వల్ల నీ వ్రతం చెడింది కదా," అంది హైమ. "అందుకని ఇక ప్రతి ఏకాదశీ నేనుంటాను. నీ లెక్కలో వేసుకోమని దేవుడికి చెప్పు. నీ మాటైతే వింటాడు."

"హైమా, ఆ రోజు నేను..."

"ఊ?"

చెల్లెలు తలెత్తి చూసింది. ఆకలికి ముఖం పీక్కుపోయింది, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా లేని నిశ్చింత అది. ఇప్పుడు ఒక్క మాట చెబితే అది కూలిపోతుంది. చెప్పకపోతే, చెడని వ్రతానికి ఈ పిల్ల పస్తులుంటుంది. వకుళమ్మకు ఏ వైపూ దారి కనిపించలేదు. గరిటె కింద పెట్టి, వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. కనీసం తన మాటైనా తన నోటితో చెప్పుకోవాలనిపించింది.

"హైమా... ఆ రోజు పంక్తిలో... నేను అట్లా అనకుండా ఉండాల్సింది. అందరి ముందూ. అమ్మ నీకూ... అమ్మే కదా. పాటలు పోతే నీకు మాత్రం... నీకు మాత్రం బాధ ఉండదా? తప్పు నాదేనే."

ఇంకేదో ఉంది కానీ అది మాటగా కుదరలేదు.

హైమ అక్క చేయి పట్టుకుని నవ్వింది. "అబ్బ, మళ్ళీ ఎందుకక్కా అదంతా? అది అప్పుడే చెప్పేశావుగా. ఎంత చక్కగా చెప్పావనీ! ఇప్పుడు చూడు, ఎట్లా తడుముకుంటున్నావో. నీకు రాతే నప్పుతుంది, నోరు కాదు." వెనక్కి జారి గోడకు ఆనుకుంది. "ఆ ఫ్యాను కాస్త పెంచవూ, చలికాలమైనా ఖాళీ కడుపుకి ఉక్కపోస్తోంది."

వకుళమ్మ లేచి వెళ్ళి ఫ్యాను పెంచింది.