నర్సింహ పట్టిన పండ్లు

వాకిలి ఊడ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, కిష్టవ్వ గూట్లోంచి ఆ ఆటడబ్బాను తీసింది. కొడుకు నర్సింహ బొంబాయిలో పనికి ఉన్నప్పుడు కొన్న, గడియారం సెల్లుతో నడిచే చిన్న డబ్బా అది. దాని తెర మీద పైనుంచి రాలే పండ్లను బొత్తాలు నొక్కుతూ గంపలో పట్టాలి. మూడు కిందపడితే ఆట అయిపోతుంది. పక్కనున్న బొత్తాం నొక్కితే అందరికన్నా ఎక్కువ పట్టినవాడి లెక్క కనిపిస్తుంది. 386. అది నర్సింహది. కిందటేడు కామెర్లతో వాడు పోయాక, కిష్టవ్వ ఆ అంకె చూడనిదే చాయ్ ముట్టడం లేదు. చదువు రాకపోయినా ఆ మూడంకెలూ ఆమెకు కొడుకు ముఖమంత గుర్తు.

ఆ రోజు బొత్తాం నొక్కితే అంకె సరిగా ఆనలేదు. వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తే గానీ కనపడలేదు.

"నువ్వే! పొద్దస్తమానం ఆడి ఆడి సెల్లు అరగదీసినవ్!" అని కూతురి మీద విరుచుకుపడింది. జడ వేసుకుంటున్న కొమురవ్వ తల దించుకుంది.

ఆమె భర్త సాంబయ్య గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సిద్దిపేట బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఊళ్లో సగం చేతిగడియారాలకు ఆయనే సెల్లు వేశాడు. ఇంట్లో ఉన్న దీనికి మాత్రం, పట్నం నుంచి రావాలని నెలల తరబడి మాట దాటేస్తూ వచ్చాడు.

ఉతకడానికి తీసిన ఆయన చొక్కా జేబు తడిమి, కిష్టవ్వ ఒక కాగితం పొట్లం విప్పింది. లోపల తళతళలాడే చిన్న సెల్లు.

"ఏంది గిది? పట్నంల తప్ప దొరకదంటివి!"

సాంబయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఊరందరి గడియారాలు బాగుజేస్తవ్. మన పిలగాని వస్తువుకేనా నీకు చేతులు రానిది? వాడు పోయిండని వాని యాది గూడ పోవాల్నా?"

"అట్లనకే," అన్నాడు సాంబయ్య. ఆయన కళ్లు అప్పటికే నిండాయి. "దసరా ముంగటనే తెచ్చిన. జేబులేసుకొని తిరుగుతున్న. సెల్లు తీసినమంటే వాని లెక్క తుడుచుకపోతది."

"తియ్యకుంటే?"

"తియ్యకున్నా పోతది. ఇయ్యాల్నో, రేపో."

కిష్టవ్వ ఎవరిని తిట్టాలో తెలియక మళ్లీ కూతురి వైపు తిరిగింది. "నువ్వు ముట్టకపోతే ఇంకిన్ని దినాలు ఉంటుండె!"

కొమురవ్వ భోరుమంది. "అన్నతోటి ఆడినట్టే ఉంటదని ఆడిన అవ్వా. ఒక్కపారి గూడ అన్నను దాటలే. దగ్గరికి రాంగనే పండ్లు కింద పడనిచ్చేదాన్ని. నేను దాటితే అన్నది పోతదని."

తల్లీతండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సింహను మించి ఆడేవాళ్లు లేరని ఇన్నాళ్లూ మురిసిపోయారు వాళ్లు. పక్కనే ఈ పిల్ల ప్రతిసారీ కావాలని ఓడిపోతూ వచ్చిందని ఒక్కరికీ తోచలేదు.

సాంబయ్య కళ్లు తుడుచుకుని పనిముట్ల డబ్బా ముందుకు లాక్కున్నాడు. రెండు సన్నని తీగలతో కొత్త సెల్లును ముందే కలిపి, ఆ తర్వాత పాతది తీస్తే లెక్క నిలవొచ్చని ఆయన ఆశ. దేవుణ్ణి తలుచుకుని మూత విప్పాడు. ఇరవై ఏళ్లుగా మూత విప్పగానే పాత సెల్లు తీసి పక్కన పెట్టడమే ఆ చేతుల పని. తీగలు ఇంకా ఆయన నోట్లో పంటి కిందే ఉన్నాయి, పాత సెల్లు అప్పటికే పట్టకారులో ఉంది.

"అయ్యో," అన్నాడు.

కొత్తది వేసి బొత్తాం నొక్కాడు. నల్లగా, నిండుగా, సున్నా.

సాంబయ్య ఆ చేతులను ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిష్టవ్వ ఆ డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టింది.

"ఆడు బిడ్డా."

"వద్దవ్వా."

"నేను జూస్త, ఆడు."

కొమురవ్వ ముక్కు ఎగబీల్చి మొదలుపెట్టింది. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోతున్నా ఎవరూ లేవలేదు. వంద దాటింది, మూడు వందలు దాటింది. 386 దగ్గర పిల్ల వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఒక పండు కింద పడింది. రెండోది కూడా పడింది.

కిష్టవ్వ కూతురి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. కళ్లు ధారగా కారుతున్నాయి.

"ఆపకు బిడ్డా. అన్న ఏమనడు. పట్టు!"

కొమురవ్వ బొటనవేలు కదిలింది. మూడో పండు గంపలో పడింది.