ఎమ్మిగనూరు మాట, ఆదోని మాట

"సాయిబువే గదా, ఉర్దూ రాదా నీకు?"

పరదా వెనక నుంచి వచ్చిన ఆ ప్రశ్నకు దూది ఏకుతున్న హుసేనప్ప చేతిలో విల్లు ఆగిపోయింది. ఆదోనిలో ఖాసిం సాబ్ ఇంటి పాత పరుపులు బాగుచేయడానికి ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. పొద్దున్నుంచి ఆ గొంతు ఉర్దూలో ఏదో చెబుతూనే ఉంది, ఇతను తల ఊపుతూనే ఉన్నాడు. చివరికి ముట్టుకోవద్దన్న కొత్త పరుపును కూడా విప్పి కూర్చున్నాడు.

"మా దూదేకులోళ్ళ ఇండ్లల్లో తెలుగే. నమాజుకు తప్ప వేరే మాట లేదు."

"పేరేంది?"

"హుసేనప్ప."

"హుసేన్ మావాడే. ఆ అప్ప యాడ తగులుకున్నాడు?"

"మా ఊర్లో. నువ్వొస్తే నీ పేరుకూ ఒక అమ్మను తగిలిస్తాం."

పరదా వెనక ఫక్కుమని నవ్వు. ఆ నవ్వుకు పడినవాడు మళ్ళీ లేవలేదు. పరుపులు అయిపోయినా దిండ్లు మిగిలాయని ఒకసారి, కుట్లు ఊడాయేమో చూస్తానని ఒకసారి వచ్చాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదే ఆ నవ్విన పిల్ల, ఖాసిం సాబ్ కూతురు షమీమ్, ఎమ్మిగనూరు కోడలైంది.

నిఖాకు ఖాసిం సాబ్ రాలేదు. "తెలుగులో ఏడ్చే పిల్లలు నాకు మనవలు కారు," అని కబురు మాత్రం పంపాడు. భార్య జొహరాబీని కూడా కూతురి గడప తొక్కనివ్వలేదు.

ఆ కబురు షమీమ్‌ను కాల్చేసింది. తండ్రిని మించిన రోషం ఆమెది. మెహరున్ పుట్టినప్పుడు, పుట్టింటి మాట ఒక్కటి కూడా ఈ పిల్ల చెవిన పడనివ్వనని ఒట్టు పెట్టుకుంది. జోలపాట కూడా అత్త దగ్గర నేర్చుకుని తెలుగులోనే పాడింది. అత్త మురిసిపోయింది గానీ హుసేనప్పకు దిగులేసేది. పొయ్యి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు షమీమ్ తనలో తాను ఉర్దూలో మాట్లాడుకునేది. అతని అలికిడి వింటే నోరు మూసుకునేది.

"పిల్లకు నీ మాట గూడా నేర్పుమే. రెండు మాటలొస్తే తప్పేముంది?" అన్నాడొకసారి.

"మా నాయనకు పనికిరాని పిల్లకు ఆయన మాట యాల?"

మెహరున్‌కు మూడేళ్ళు నిండాక, ఆదోని పనికి పోయే రోజుల్లో అతను దాన్నీ చంకనేసుకుని పోసాగాడు. తండ్రీకూతుళ్ళ షికారని షమీమ్ వేళాకోళమాడేది. పిల్ల పోయేది తన పుట్టింటి పెరటి వాకిలికని ఆమెకు తెలియదు.

అది ఖాసిం సాబ్ పత్తి మార్కెట్లో ఉండే వేళ. జొహరాబీ మనవరాలిని ఒళ్ళో వేసుకుని ఉర్దూలో ఊసులు చెప్పేది. పిల్లలకు భాషలు ఎంతసేపు? మెహరున్‌కు ఇది ఆదోని మాట, అది ఎమ్మిగనూరు మాట, అంతే. అమ్మమ్మ చెప్పినట్టే ఆదోని మాట గానీ ఊసు గానీ ఇంట్లో ఎత్తేది కాదు.

"అమ్మీ, ఇంక దాచలేను. షమీమ్‌కు సెప్తా," అన్నాడు హుసేనప్ప.

"సెప్తే ఆ రోషంలో పిల్లను ఆపేస్తుంది నాయనా. ఈయనకు తెలిస్తే వాకిలి మూస్తాడు. రంజాన్ పండగ రానీ. పిల్లను ఆయన ముందర నిలబెడతా. మన మాటలో అది తాతను నానా అని పిలిస్తే ఆయనే కరుగుతాడు. అప్పుడు నా బిడ్డను నేనే పోయి పిల్చుకొస్తా."

రంజాన్ నెల పుట్టకముందే, రెండు దినాల జ్వరానికే జొహరాబీ పోయింది.

బండి తోలే ఉరుకుందప్ప కబురు తెచ్చినప్పుడు షమీమ్ ఏడవలేదు. ఆదోని బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని బొమ్మలా కూర్చుంది. హుసేనప్ప దారి పొడుగునా చెప్పబోయాడు, చెప్పలేకపోయాడు.

వాకిట్లో కూర్చున్న ఖాసిం సాబ్ కూతుర్ని చూసి తల తిప్పుకున్నాడు. మెహరున్ తండ్రి చెయ్యి విడిపించుకుని నేరుగా ఆయన దగ్గరికి పోయింది.

"నానీ కిధర్ హై?"

అమ్మమ్మ ఎక్కడుందని పిల్ల మళ్ళీ మళ్ళీ అడిగింది. నేను వచ్చానని చెప్పమంది, ఈరోజు కథ చెబుతానందని అంది, అంతా ఉర్దూలోనే. జొహరాబీ సాగదీసి మాట్లాడే తీరు, మాట చివర చెయ్యి తిప్పే తీరు, అచ్చం అదే. ముసలాయన తల ఇటు తిప్పాడు.

"ఎవరు నేర్పినారు దీనికి?" అని హుసేనప్పను తెలుగులో అడిగాడు.

"అమ్మీనే మామా. నేను తెచ్చి విడిచేవాణ్ణి."

ఖాసిం సాబ్ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమన్నాడు. రెండో చెయ్యి కూతురివైపు చాచాడు. జొహరాబీ కోరుకున్నదంతా జరిగింది, చూడటానికి ఆమె లేదు.

మూడో నాటి ఫాతిహా ప్రార్థనలు అయ్యాక గానీ షమీమ్ మొగుడితో మాట్లాడలేదు. పెరట్లో అతను ఎదురుపడితే అడిగింది.

"నా బిడ్డ మా అమ్మ ఒళ్ళో ఆడుకుని ఇంటికొస్తాంటే, నాకొక్క మాట సెప్పకపోతివే. సెప్పింటే పరిగెత్తుకుని వచ్చేదాన్ని గదయ్యా. ఒట్టు యాడిది, గిట్టు యాడిది?"

"పిల్లను ఆపుతావని భయపడితిని. నాకు ఆ మాట రాదు. నీతో నీ మాట మాట్లాడేదానికి మనింట్లో ఒక్కరన్నా ఉండాలనుకుంటిని. తప్పే షమీమ్."

ఆమె మెహరున్‌ను పిలిచి ఉర్దూలో ఏదో అడిగింది. ఎమ్మిగనూరు అమ్మకు ఆదోని మాట ఎలా వచ్చిందో అర్థంకాక పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత గలగలా చెప్పుకుపోయింది. హుసేనప్పకు ఒక్క ముక్క తెలియలేదు. వింటూ వింటూ షమీమ్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమంటాంది?"

"మా అమ్మ నన్ను గురించి ఏమనేదని అడిగినా. ఏమీ అనేది కాదంట. పోయేటప్పుడు దీని బుగ్గన ముద్దు పెట్టి, పోయి మీ అమ్మకు ఇయ్యి, ఎవరిచ్చినారో సెప్పొద్దు అనేదంట." ఆమె మెహరున్ బుగ్గ తడిమింది. "ఆదోని నుంచి రాగానే ఇది వచ్చి నా మీద పడేది. చేతినిండా పిండి ఉంది పోవే అని ఎన్నిమార్లు తోసేసినానో."

హుసేనప్ప పక్కన కూర్చుంటే అతని భుజం మీద వాలి అప్పుడు ఏడ్చింది షమీమ్. ఏ మాటలో ఓదార్చాలో తెలియక మెహరున్ ఇద్దరినీ చూస్తూ నిలబడింది.