బట్లహళ్ళికి వెళ్ళిన పిరానా

వాసవాంబ పచ్చి బఠాణీల కోసం ఫ్రీజర్‌లో చెయ్యి పెడితే రొయ్యల ప్యాకెట్టు తగిలింది.

చింతామణి బజారులో తరతరాలుగా కిరాణా అంగడి నడుపుతున్న ఇల్లు అది. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. ఆమె ప్యాకెట్టును అక్కడే వదిలేసి, చేతులు కడుక్కుని, కొడుకును పిలిచింది.

"మోహిత్, ఇది ఎవురు తినేదానికి?"

"నేను కాదమ్మా. చేప."

హాల్లో టీవీ పక్కన అక్వేరియం. అందులో ఎర్ర పొట్టతో ఒకే ఒక్క చేప. చిన్నపిల్లగా ఉన్నప్పుడు బెంగళూరులో దాన్ని వేరే జాతి పేరు చెప్పి అమ్మారు. పెరిగి, పళ్ళు బయటపడ్డాక తెలిసింది పిరానా అని. అప్పటికి మోహిత్‌కు దానిమీద ప్రాణం. గుళికల మేత తింటుందని తల్లికి చెప్పి, చాటుగా రొయ్యలు వేస్తున్నాడు.

"సాయంత్రానికి ఇది మన ఇంట్లో ఉండకూడదు," అంది వాసవాంబ.

"చెరువులో వదిలేయప్పా," అన్నాడు తండ్రి గురురాజ.

అందుకు మోహిత్ ఒప్పుకోలేదు. చెరువులో ఉన్న చేపల గతి ఏం కావాలి? స్నేహితుడు నందీశ్ ఒక నంబరిచ్చాడు. బట్లహళ్ళి రైతు ముత్యాలప్ప కూతురు నయన, పీయూ కాలేజీలో ఇంటర్ పిల్లలకు బయాలజీ లెక్చరర్. ఇంట్లో పెద్ద ట్యాంకు ఖాళీగా ఉందట.

నయన మూతున్న డ్రమ్ముతో, వాళ్ళ నాన్న లగేజీ ఆటోలో వచ్చింది. అక్వేరియాన్ని ఒకసారి, మోహిత్‌ను ఒకసారి చూసింది.

"టీవీ పక్కన పెట్టిండారా? ఇది ఎంత పిరికి చేపో తెల్సా మీకు? నీడ కదిలినా పోయి అద్దానికి కొట్టుకుంటాది."

"పిరానా కదండీ. అదే మనల్ని భయపెట్టల్ల."

"సినిమాలు చూసి చేపను సాకితే ఇంతే."

మోహిత్‌కు కోపం రావాలి. రాలేదు. డ్రమ్ము ఆటోలోకి ఎక్కించాక, "చూసేదానికి అప్పుడప్పుడు రావచ్చునా?" అని అడిగాడు.

"రండి. మాట్లాడకుండా కూర్చునేటట్లయితే."

ఆదివారం వెళ్ళాడు. నయన ట్యాంకుకు మూడు పక్కలా నల్లకాగితం అంటించి, లోపల ఒక ఎండుమాను ముక్క పెట్టింది. చేప దాని వెనక దాక్కుని ఉంది. తిండి ముట్టడం లేదట. ఇద్దరూ చెరో కుర్చీ వేసుకుని, కదలకుండా కూర్చున్నారు.

చాలాసేపటికి ఎర్ర పొట్ట మెల్లగా బయటికొచ్చింది. మోహిత్ దాన్ని చూడలేదు. నయన చెంపమీదికి జారిన వెంట్రుకలను చూస్తున్నాడు.

"చేప అటుపక్క ఉండాది," అంది నయన గుసగుసగా, తల తిప్పకుండానే.

ఆ తర్వాత ఏ ఆదివారమూ అతను మానలేదు. చేప తినడం మొదలుపెట్టింది. మీరు అన్న పిలుపు నువ్వుగా మారింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం జోరుగా వాన పట్టుకుంది. కరెంటు పోయి ట్యాంకులోని గాలి మోటరు ఆగిపోయింది. చేపకు ఊపిరాడాలంటే నీళ్ళు కదలాలి. ఇద్దరూ చెరో మగ్గు తీసుకుని, నీళ్ళు ముంచి మెల్లగా పైనుంచి పోస్తూ నిలబడ్డారు.

"నయనా, నువ్వంటే నాకు ఇష్టం."

"ఆ మాట చెప్పేదానికి కరెంటు పోవాల్సొచ్చిందా?" ఆమె నవ్వింది. "నాకూ ఇష్టమే. ఇంట్లో యాడికని చెప్పొచ్చినావు?"

"గోడౌనుకని."

నయన చెయ్యి ఆగిపోయింది.

"రొయ్యల్ని దాచినట్ల నన్నూ దాస్తాండావా? మేము మాంసం తినేవాళ్ళం, మోహిత్. అది మీ అమ్మకి ఎట్ల చెప్పేదని కదా నీ భయం? చెప్పినాక రా. అందాక వద్దు."

కరెంటు వచ్చింది. ఆమె మగ్గు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మోహిత్ తడుస్తూనే ఇల్లు చేరాడు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, చపాతీలు ఒత్తుతున్న తల్లి ఎదుట నిలబడి, గోడౌను అబద్ధం నుంచి నయన వాళ్ళ వంటిల్లు దాకా అన్నీ చెప్పాడు. వాసవాంబ పెనంమీద చపాతీ తిప్పింది. వారమంతా మాట్లాడకుండానే వడ్డించింది. నయన నుంచీ ఫోను లేదు.

మళ్ళీ ఆదివారం పొద్దున వాసవాంబ పట్టుచీర కట్టుకుని వచ్చింది. "కారు తియ్యి. ఆ పిల్లని చూడల్ల నేను."

బట్లహళ్ళిలో నయన తల్లి సుజాతమ్మ కంగారుపడుతూ కుర్చీ వేసింది. అందరికీ వాడుకలో ఉన్న లోటాల్లో, వాసవాంబకు మాత్రం కొత్త లోటాలో కాఫీ తెచ్చింది. దానిమీద స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. వాసవాంబ అది చూసింది. లోటా చేత్తో పట్టుకుని నయనను అడిగింది.

"మా ఇంట్లో పప్పూ కూరాకే. ఉండగలవా?"

"ఉంటానమ్మా. ఈడికొచ్చినప్పుడు మాత్రం మా అమ్మ చేసింది తింటా. దాన్ని మీకాడ దాచను."

"దాచొద్దు. దాచేవాడు మా ఇంట్లో ఒకడు ఉండాడు, చాలు."

మోహిత్ నేలచూపులు చూశాడు. వాసవాంబ కొత్త లోటాను కొడుకు చేతికిచ్చి, సుజాతమ్మ వైపు తిరిగింది.

"మీరు తాగే లోటాలోనే నాకింత పొయ్యమ్మా. నేనేమన్నా బయటిదాన్నా?"

సుజాతమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. అప్పుడు గాని నయన మోహిత్ వైపు తలెత్తి చూడలేదు.