విజేతకు నచ్చిన మురుగు సొరంగం

“మీ రోడ్డంటే ఏముందండీ, నా పైపు మీద కప్పిన దుప్పటి. అంతే!”

ఈ ఎడారి దేశంలో, అల్ హైల్ అనే ఊరి రోడ్డు సైట్‌లో విజేత నాతో అన్న మొదటి మాట అది. నేను భానుతేజని, రోడ్డు వేయించే ఇంజినీర్ని. ఆవిడ మురుగునీటి లైన్లు చూసే ఇంజినీరు. హెల్మెట్ కింద నుంచి ఒక్క చూపు చూసింది. నలభై నాలుగు డిగ్రీల ఎండ చేయలేని పని ఆ చూపు చేసింది.

తర్వాత రోజూ కలిసే టీ తాగేవాళ్లం. టీ అయ్యేదాకా ఆవిడ మాట్లాడేది ఒక్కడి గురించే. నూట అరవై ఏళ్ల కిందట లండన్ కింద ఇటుకలతో మురుగు సొరంగాలు కట్టించిన ఇంజినీరు. ఫోన్ నిండా ఆయన మీసాలే.

“కోడిగుడ్డు ఆకారం చూడండి. సన్నటి కొస కిందికి పెట్టాడు. నీళ్లు తక్కువున్నా పరుగెడతాయి, మడ్డి పేరుకోదు. ఎవరికీ కనపడని చోట ఇంత అందమా?”

“పనిలేక కట్టుంటాడు!” అన్నాను.

పోయి నూట ముప్పై ఏళ్లు దాటిన ముసలాయన మీద నాకు కడుపు మండింది. సిగ్గుచేటే, కానీ నిజం.

ఆ సోమవారం అంతకన్నా పెద్ద పిడుగు పడింది.

“లండన్ సంబంధం వచ్చిందండీ. అబ్బాయి ఆ సొరంగాలు చూపిస్తానన్నాడు. ఏదో ఒక మాట గురువారంలోగా చెప్పమన్నారు నాన్నగారు.”

“మంచిదే,” అన్నాను, వెధవలాగా. మీసాలాయన కనీసం చచ్చిపోయాడు. వీడు బతికున్నాడు, పైగా సొరంగాలున్న ఊళ్లోనే ఉన్నాడు!

గురువారం తారు వేస్తున్నాం. వేసే ముందు ప్రతి మ్యాన్‌హోల్ మూతనీ రోడ్డు ఎత్తుకి లేపించాలి. ఆ లెక్క చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు. వాళ్లిద్దరూ టార్చి పట్టుకుని సొరంగంలో నడుస్తున్నట్టు ఊహించుకుంటూ నిలబడ్డాను. ఈలోగా రోలర్ వెళ్లిపోయింది.

“సార్, పదిహేడో నంబర్ మూత కనవడ్తలేదు,” అన్నాడు ఫోర్‌మన్ గంగాప్రసాద్. “తారు కిందికి వోయినట్టుంది.”

కబురందుకున్న విజేత డ్రాయింగ్‌తో పరుగున వచ్చింది. టేపు పెట్టి కొలిచి, తారు కాస్త చల్లారాక మోకాళ్ల మీద కూర్చుని సుత్తితో కొట్టుకుంటూ పోయింది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఒకచోట బోలుగా మోగింది.

“పూడ్చేశారు! ధ్యాస ఎక్కడుందండీ మీకు?”

“లండన్‌లో.”

“ఏంటీ?”

“అతను మిమ్మల్ని ఆ సొరంగాల్లో తిప్పుతాడంటే ఓర్వలేకపోతున్నానండీ. వెళ్లొద్దు. మీరంటే నాకిష్టం.”

గంగాప్రసాద్ మోగని ఫోన్ చెవికి పెట్టుకుని పక్కకు జరిగాడు.

విజేత సుత్తి కింద పెట్టింది. “ఆ అబ్బాయి తర్వాత ఏమన్నాడో తెలుసా? పెళ్లయ్యాక ఈ కంపు ఉద్యోగం మానేయొచ్చులే అన్నాడు. మంగళవారమే వద్దని చెప్పేశాను.”

“మరి నాకు చెప్పలేదే!”

“మీరు మంచిదే అన్నారుగా!”

తారు తవ్వి మూత తీశారు. తొంగిచూశాను. అడుగున పైపులు కలిసేచోట సిమెంటు కాలువ మెత్తగా వంపు తిరిగి ఉంది. ఇన్నాళ్లూ మూతలే చూశాను, లోపల ఎప్పుడూ చూడలేదు.

“ఆ వంపు భలే తిప్పారండీ,” అన్నాను. ఆవిడ మెప్పు కోసం అన్న మాట కాదు.

విజేత గుంటలోకి చూడలేదు, నన్నే చూసింది.

“సంబంధం ఎందుకు వద్దన్నావని నాన్నగారు అడిగారు. మీ పేరు చెప్పాను. రేపు ఇక్కడి మా ఇంటికి భోజనానికి రమ్మన్నారు.”

“నేను అడక్కముందేనా?”

“మీరు అడిగేదాకా ఆగితే, ఇంకెన్ని మూతలు పూడ్చేవారో!”