ఇరవై ట్యాబ్‌లు, ఒక్క టీచర్

మా కంపెనీ ట్యాబ్‌లు ఇరవై ఉన్న అట్టపెట్టె మోసుకుని ఒకటో తరగతి గుమ్మంలో అడుగుపెట్టేసరికి, పిల్లలందరూ మూతుల ముందు సన్నటి కాగితం ముక్కలు పట్టుకుని కూర్చున్నారు. "క" అంటే కాగితం కదలకూడదు, "ఖ" అంటే ఎగరాలి. అదీ ఆ రోజు పాఠం.

టీచర్ నన్ను చూసి పెట్టె కింద పెట్టమన్నారు. నా చేతికీ ఒక కాగితం ఇచ్చి "ఖ" అనమన్నారు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, నాకేం భయం అనుకుని అన్నాను. కాగితం కదల్లేదు. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది.

"పర్లేదు, ఆ చివరి బెంచీలో కూర్చోండి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది," అన్నారామె.

నేనూ ఊరుకోలేదు. రేపట్నుంచి ఈ కాగితాల పని ఉండదని, అక్షరం నొక్కితే ట్యాబే పలుకుతుందని గొప్పలు పోయాను. అప్పుడే లోపలికొచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్ ఆ మాట అందుకున్నారు. రెండు నెలలు చూసి, నా రిపోర్ట్ బాగుంటే వచ్చే ఏడాది ఒకటో తరగతి రెండు సెక్షన్లూ కలిపేస్తారట. అప్పుడు ఒక టీచర్ చాలట. ఉన్న ఇద్దరిలో కొత్తగా చేరినామె మా కాగితాల టీచరే. ఆమె మాత్రం నాకు చార్జింగ్ పాయింట్ ఎక్కడుందో చూపించారు. పప్పులో కాలేశానని నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు ట్యాబ్‌లు పంచగానే పిల్లలు చేసిన మొదటి పని, స్పీకర్ ముందు కాగితం పట్టుకోవడం. ట్యాబ్ ఎన్నిసార్లు "ఖ" అన్నా కాగితం ఎగరలేదు. దీనికి రాదు టీచర్, అని ఒకడు తీర్పు చెప్పేశాడు. దాన్ని కూడా నా పక్కన చివరి బెంచీలో కూర్చోబెట్టమన్నారు మిగతావాళ్ళు.

పైగా మా ఆడియోలో గొంతు బస్‌స్టాండ్ అనౌన్స్‌మెంట్‌లా ఉందని టీచర్ అన్నారు. ఉక్రోషం ఆపుకోలేక, అయితే మీరే చెప్పి రికార్డ్ చెయ్యండి అన్నాను. ఒప్పుకుంటారనుకోలేదు. చాపలూ బంతులూ పడేసే గదిలో కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ నాలుగు సాయంత్రాలు రికార్డ్ చేశారు. ఒక్కో శబ్దం తనకు నచ్చేదాకా వదల్లేదు.

మూడో సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "ఇవి బాగా పనిచేస్తే మీ ఉద్యోగానికే ఎసరు కదండీ. తెలిసి తెలిసి ఎందుకు చేస్తున్నారు?"

ఆమె మైకు మీద దుమ్ము తుడుస్తూ అన్నారు. "నేనుంటానో పోతానో తర్వాతి సంగతి. పిల్లల చెవిన పడేది సరిగ్గా పడాలి కదా."

అంతే, నా పని అయిపోయింది. మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం తింటూ అక్కతో కూడా ఆ మాటే అన్నాను. అక్క నా మొహం వంక ఒకసారి చూసి, అమ్మకెప్పుడు చెప్తున్నావని మాత్రం అడిగింది.

ఆ క్లాసులో అందరూ గువ్వ అని పిలిచే ఒక పిల్ల ఉండేది. బళ్ళో చేరి ఆర్నెల్లయినా నోరు విప్పలేదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందట, ఇక్కడ మాత్రం ఎవరైనా నవ్వుతారేమోనని భయం. ఒకరోజు ఆ పిల్ల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఉడుత, పండు, తినడం అనే మూడు బొమ్మల్ని తెర మీద వరసగా జరిపింది. రికార్డ్ బటన్ నొక్కి ఏదో గొణిగింది. లేచి టీచర్ దగ్గరికెళ్ళి హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టింది.

"ఉడుత పండు తింది." అదీ గువ్వ మొదటి వాక్యం.

టీచర్ మూడుసార్లు విన్నారు. కళ్ళు తుడుచుకుని, మీ ట్యాబ్ గొప్పదండీ, నేను ఆర్నెల్లు బతిమాలితే రాని మాట ఇది రప్పించింది అన్నారు. తన ఉద్యోగం ఊడగొట్టే వస్తువును అంత మనస్ఫూర్తిగా మెచ్చుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. మురిసిపోవాల్సింది పోయి, ఆ పూట నాకు రిపోర్ట్ ఫైలు తెరవబుద్ధి కాలేదు.

రెండు నెలలూ గడిచి రిపోర్ట్ రాయడానికి కూర్చున్నాను. మా మేనేజర్ ఫోన్ చేసి, పిల్లల ప్రగతి గ్రాఫ్ పైకే వెళ్తోంది కదా, పంపించెయ్ అన్నాడు. కానీ మధ్యలో ఒక వారం గొయ్యిలో పడ్డట్టు పడింది. టీచర్‌కు జ్వరమొచ్చి సెలవు పెట్టిన వారం అది. ట్యాబ్‌లు అవే, పాఠాలు అవే, ఆఖరికి గొంతు కూడా ఆమెదే. గువ్వ ఫైళ్ళు తెరిచి చూశాను. ఆ వారం తొమ్మిది రికార్డింగులున్నాయి. తొమ్మిదింటిలోనూ ఊపిరి చప్పుడు తప్ప మాట లేదు. వినేందుకు టీచర్ లేకపోతే ఆ పిల్ల ఎవరి కోసం మాట్లాడుతుంది?

అదే ఉన్నదున్నట్టు రాశాను. ట్యాబ్ మంచిదే, టీచర్ పక్కనుంటేనే మంచిది, సెక్షన్లు కలపొద్దు. మేనేజర్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రిన్సిపాల్ గదిలోకి మా ఇద్దర్నీ పిలిచిన రోజు బయట జోరుగా వాన. మేడమ్ ఆ పేజీ రెండుసార్లు చదివి, గువ్వ రికార్డింగులు అడిగి విన్నారు. ముందు నిశ్శబ్దాలు, తర్వాత ఉడుత. హెడ్‌ఫోన్స్ తీసి, సెక్షన్లు రెండూ ఉంటాయి, ట్యాబ్‌లూ ఉంటాయి అన్నారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

లేవబోతుంటే మేడమ్, ఏ ట్యాబ్‌లో ఏ పాఠం ఎన్నిసార్లు విన్నారో లెక్కలున్న చివరి పేజీ తిప్పారు. "ఇదెవరు బాబూ, టెస్టర్ అని ఉంది? ఉ పాఠం రెండు వందల పదహారు సార్లు విన్నాడు."

పిల్లల ట్యాబ్‌లతో పాటు నా చేతిలోది కూడా లెక్క రాస్తుందన్న సంగతే మర్చిపోయాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆడియో క్వాలిటీ చెకింగ్ మేడమ్, అని గడగడా మొదలుపెట్టాను.

"ఆదివారాలు కూడానా?" అన్నారు మేడమ్.

టీచర్ కిటికీలోంచి వానను చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

వరండాలోకి వచ్చాక వాన వెలిసేదాకా ఇద్దరం నిలబడాల్సి వచ్చింది. ఇక దాచేదేముంది.

"క్వాలిటీ బాగుందని మొదటిసారే తెలిసిందండీ. మిగతా రెండు వందల పదిహేను సార్లూ మీ కోసమే విన్నాను. మీరంటే నాకు ఇష్టం. సరేనంటే మా అమ్మనీ అక్కనీ తీసుకొచ్చి మీ ఇంట్లో మాట్లాడతాను."

ఆమె చూరు నీళ్ళ కింద చెయ్యి పెట్టారు. తర్వాత నెమ్మదిగా, "మా ఇంట్లో మాటలు ఎప్పుడో అయిపోయాయి," అన్నారు.

ఎక్కడో సంబంధం కుదిరిపోయినట్టుంది, శుభాకాంక్షలైనా చెప్దామని నోరు తెరిచాను.

"పోయిన నెల, మీ రిపోర్ట్‌లో ఏముంటుందో తెలియనప్పుడే నాన్నతో చెప్పాను, ఒకబ్బాయి ఉన్నాడని. నీ ఉద్యోగం ఊడగొట్టడానికొచ్చిన ఆ ట్యాబ్‌ల అబ్బాయేనా అన్నారు."

"మీరేమన్నారు?"

"అతనే నాన్నా అన్నాను. ఉద్యోగమైతే ఇంకోటి వెతుక్కోవచ్చు అన్నాను."