ఫోటోలో కనిపించని గోల్‌కీపర్

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే పిల్లలంతా నోటీసు బోర్డు దగ్గర బెల్లం చుట్టూ చీమల్లా మూగారు. ఫుట్‌బాల్ కప్పు గెలిచిన బడి జట్టు ఫోటో అక్కడ పెట్టారు. తీసింది పిచ్చుక.

ఉన్నచోట ఉండదనీ, పొద్దస్తమానం కిచకిచలాడుతుందనీ వాళ్లమ్మ పెట్టిన ముద్దుపేరు అది. బడిలోనూ అదే ఖాయమైపోయింది. పిచ్చుక వాళ్ల పిన్నికి ఫోటో స్టూడియో ఉంది. సెలవుల్లో అక్కడే కూర్చుని కెమెరా పట్టడం నేర్చుకుంది. అందుకే ఆటల మాస్టారు ఈ పని ఆమెకి అప్పజెప్పారు.

ఫోటోలో అందరి ముఖాలూ చక్కగా వచ్చాయి, ఒక్కటి తప్ప. వెనక వరసలో చివర ముఖం ఉండాల్సిన చోట చీకటి, అందులో తెల్లటి పలువరస.

అది గోలీ. గోల్ దగ్గర నిలబడుతుందని ఆ పేరు. నల్లటి పిల్ల. ఆఖరి నిమిషంలో బంతిని గాల్లోకి ఎగిరి పట్టుకుని కప్పు తెచ్చిపెట్టింది ఆ పిల్లే.

"గోలీ ఏదే?" అని ఎవరో అడిగారు.

"పళ్లు కనిపించట్లేదా? వాటి వెనకాలే ఎక్కడో ఉంటుంది, వెతుక్కో," అంది పిచ్చుక.

నోటికొచ్చింది అనేసింది, అంతే. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. గోలీ కూడా కాస్త నవ్వింది. సాయంత్రం మాత్రం ఎప్పుడూ కలిసి వెళ్లే పిచ్చుక కోసం ఆగకుండా ఒక్కతే ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాటికి ఆ మాట బడంతా పాకింది. "గోలీ, కరెంటు పోయింది, ఒకసారి నవ్వవే," అన్నాడొకడు. గోలీ నవ్వలేదు. క్లాసులో టీచర్ జోకు వేసినప్పుడు కూడా పెదాలు బిగించి, చేత్తో నోరు మూసుకుంది. అది పిచ్చుక చూసింది.

"దీన్ని నేనే సరిచేస్తాను," అనుకుంది.

బడి వదలగానే స్టూడియోకి పరుగెత్తింది. పిన్ని బయటికి వెళ్లింది. పిచ్చుక కంప్యూటర్ ముందు కూర్చుని గోలీ ముఖం మీద తెలుపు పెంచింది. ఇంకాస్త పెంచింది. చామనఛాయ దాటి గోధుమరంగు దాకా తెచ్చాక తృప్తిగా ప్రింటు తీసుకుని గోలీ ఇంటికి వెళ్లింది.

తలుపు తీసింది గోలీ తమ్ముడు. ఇంకా బడికి వెళ్లే వయసు రాలేదు. ఫోటో లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా అక్క ఏది?"

"ఇదిగో, ఇక్కడ."

"ఈ అక్క ఎవరు?" అన్నాడు వాడు.

గోలీ లోపల్నుంచి వచ్చి ఫోటో చూసింది. చాలాసేపు చూసింది.

"నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదనే..." అంది పిచ్చుక.

"నవ్వించింది నువ్వేగా," అంది గోలీ. కోపంగా కాదు, మెల్లగా. "నాది మా అమ్మ రంగు. నాకు ఇష్టం. ఈ రంగు ఎవరిది?"

పిచ్చుక ఫోటో మడిచి పట్టుకుని వెనుదిరిగింది.

స్టూడియోకి తిరిగొచ్చేసరికి పిన్ని వచ్చి ఉంది. జరిగిందంతా విని, అసలు ఫోటో తెరిచి చూసింది.

"కెమెరాలో వెలుతురు ఎవరి ముఖం చూసి సరిచేసుకున్నావు?"

"కెప్టెన్ ముఖం చూసి. ముందు వరసలో ఉంది కదా."

"వాళ్లందరి ముఖాల మీదా ఎండ పడుతోంది. ఈ పిల్లని గోడ నీడలో నిలబెట్టావు. తీసేముందు ఈ పిల్ల వైపు చూశావా?"

పిచ్చుక కాసేపు గోళ్లు గిల్లుకుంది. "చూడలేదు పిన్నీ," అంది.

పిన్ని తిట్టలేదు. కెమెరా తీసి చేతిలో పెట్టింది. "రేపు మళ్లీ తియ్యి. తెల్లటి అట్ట కూడా పట్టుకెళ్లు. వెలుతురు తక్కువైన చోటికి దాంతో ఎండని మళ్లించు."

మర్నాడు పిచ్చుక అడిగితే ఆటల మాస్టారు జట్టునంతా మైదానంలోకి పిలిచారు.

"ఉన్న ఫోటో బాగానే ఉందిగా," అని కెప్టెన్ గొణిగింది. అందులో ఆమె మహా అందంగా వచ్చింది మరి.

"బాలేదు," అంది పిచ్చుక. "తప్పు గోలీ రంగుది కాదు, నాది. తనని చూడకుండానే తీసేశాను. ఆ పళ్ల మాట కూడా నేనే అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఇకమీదట ఎవరూ అనొద్దు."

చూడ్డానికి వచ్చినవాళ్లలోంచి కరెంటు జోకు వేసినవాడు ముందుకొచ్చి, "ఆ అట్ట ఇటివ్వు, నేను పడతాను," అన్నాడు.

గోలీని మధ్యలో నిలబడమంటే ఒప్పుకోలేదు. "నా చోటు గోల్ దగ్గర," అంది. సరేనని జట్టంతా గోల్ దగ్గరికే నడిచింది. అక్కడ పెద్ద తతంగమే నడిచింది. అట్ట పట్టినవాడికి చెయ్యి నొప్పెట్టింది. కెప్టెన్ కళ్లల్లోకి వెలుగు కొట్టి తుమ్ములొచ్చాయి. పిచ్చుక ఒకసారి తీసి గోలీకి చూపించింది.

"ఇది నువ్వేనా?"

"ముక్కు కొంచెం మసగ్గా ఉంది."

ఇంకోసారి తీసింది.

"ఈసారి నేనే. కానీ నువ్వు మాట్లాడుతూ తీస్తే కెమెరా ఊగుతోందే. కాసేపు నోరు మూసుకో," అంది గోలీ.

జట్టంతా గొల్లుమంది. గోలీ కూడా పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. సరిగ్గా అప్పుడే పిచ్చుక మీట నొక్కింది.

కొత్త ఫోటో బోర్డు మీదికి ఎక్కింది. అది చూసి ఒకటో తరగతి టీచర్ తన పిల్లలకీ ఫోటో కావాలని అడిగారు. ఆ చంటి మూక వరసలో నిలబడేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అయినా పిచ్చుక వెంటనే కెమెరా పైకెత్తలేదు. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఒక్కొక్కరి ముఖం చూస్తూ నడిచింది. నీడలో ఉన్న ఒక నల్లటి బుడ్డోడి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తెచ్చింది. పొట్టిపిల్లని బెంచీ ఎక్కించింది.

"అక్కా, ఇంకా ఎప్పుడు తీస్తావు?" అని వాళ్లు గోల పెట్టారు.

"ఉండండమ్మా," అంది పిచ్చుక. "ముందు మిమ్మల్నందర్నీ చూడనివ్వండి."