తొమ్మిది చిప్పల అంబలి

ఒట్టేసి చెప్తున్నా, ఇది నువ్వు చచ్చినా నమ్మవు. నమ్మకపోతే పో, నాకేంటి. ఈ యుకతాన్ మొత్తంలో నా అంత నిజాలు చెప్పేవాడు ఇంకోడు పుట్టలేదు.

మా చాన్ తూన్ ఊరి వెనక అడవిలో, నేల నోరు తెరిచినట్టు ఒక సెనోతె ఉంది. పైన గుమ్మమంత కన్నం. లోపల పెద్ద గుహ, అడుగున నీలం నీళ్లు. దానికి చెడ్డపేరు. అందులో దూకినవాడి కేక ఇవాళ వినపడితే, నీళ్ల చప్పుడు మర్నాడు వినపడుద్ది. నీళ్లు తాగడానికి దిగిన దూడ ఏడేళ్లకి బయటికొచ్చింది — ఇంకా దూడగానే. నేను చూశా. సరే... చూసినవాణ్ని చూశా.

అలాంటి సెనోతె మీద కన్నేశాడు విల్బెర్.

విల్బెర్‌కి ఒక డొక్కు వ్యాను. టూరిస్టుల్ని పొద్దున ఎక్కించుకుని సాయంత్రం దింపుతాడు. అందరూ పోయే చోటికే పోతే ఆ డొక్కుది ఎవడెక్కుతాడు? అందుకని ఎవరూ చూడని సెనోతె చూపిస్తానని పదకొండుమందికి మాటిచ్చేశాడు. అట్టముక్క మీద రాసుకున్నాడు కూడా. ఎనిమిదింటికి, ఎండెక్కకముందే, పాతకాలపు మాయా జాతివాళ్ల రాతిగుళ్లు. పదకొండింటికి సెనోతెలో ఈత. ఒంటిగంటకి పెళ్లాం లెయ్ది చేతి పనూచోలు, అదే, చిక్కుడుగింజల ముద్ద కూరి వేయించిన రొట్టెలు.

ఊరి సభ ఒప్పుకోవాలిగా మరి. సభ షరతు పెట్టింది.

ముందు లోపలున్న యజమానుల్ని, కంటికి కనపడని ఆ కావలివాళ్లని, అడుగు. తొమ్మిది చిప్పల్లో మొక్కజొన్న అంబలి పెట్టి, ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో చెప్పుకో. చంద్రుడు కన్నంలోకొచ్చేదాకా లైటు లేకుండా ఒక్కడివే కూర్చో. మధ్యలో పరిగెత్తుకొచ్చావో... సెనోతె నీ తోడల్లుడు గస్పార్‌ది.

గస్పార్‌కి రెండు కొత్త వ్యాన్లు. అత్తగారు బసీలియా ఆదివారం కోడి వండితే తొడ గస్పార్‌కి, మెడ విల్బెర్‌కి.

"నువ్వేం కూర్చుంటావులే అల్లుడూ," అందంట ఆవిడ.

"ఉయ్యాల కట్టుకుని మరీ పడుకుంటా అత్తా."

పొద్దుగూకే వేళకి నిచ్చెన దిగాడు. బండమీద తొమ్మిది చిప్పలు పెట్టి అంబలి పోశాడు. టోపీ తీశాడు.

"అయ్యలారా, నా పేరు విల్బెర్. రేపు పదకొండుమంది వస్తారు. గంటన్నర ఈదుకుని పోతారు. ఒకాయన కాస్త పిరికోడు... కాలు పట్టుకు లాగకండి."

గబ్బిలాలన్నీ కన్నంలోంచి లేచిపోయాయి. చీకటి పడింది. మామూలు చీకటి కాదు — ముక్కు ముందు చెయ్యి పెట్టుకుంటే ఎవరి చెయ్యో తెలీదు.

అప్పుడు... సన్నగా ఈల.

బుడుంగ్... నీళ్లలో రాయి. ఇంకోటి దొర్లుకుంటూ వచ్చి కాలికి తగిలింది.

పిట్టలే, అనుకున్నాడు. పిట్టలు రాళ్లెందుకేస్తాయ్‌రా, అనీ అనుకున్నాడు.

బండమీద చిప్ప కదిలింది. జుర్రుమని చప్పుడు. తర్వాత —

"థూ."



"సున్నం..." అంది చీకటి, గుసగుసగా.

అప్పటిగ్గానీ గుర్తురాలేదు వాడికి. రొట్టెల పిండికి మొక్కజొన్నలు సున్నమేసి ఉడకబెడతాం. యజమానుల అంబలికి మాత్రం సున్నం తగలకూడదు. మా ఊళ్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. వీడేమో హడావుడిలో మిల్లులో రొట్టెల పిండి తెచ్చి నీళ్లలో కలిపేశాడు!

కాళ్లు వాటంతటవే నిచ్చెన ఎక్కాయి. ఒక మెట్టు... రెండు... మూడో మెట్టు మీద గస్పార్ వ్యాన్లు కళ్లముందు కనపడ్డాయి. కిందకి దిగాడు.

"తప్పయింది," అన్నాడు. "తాగకండి. ఏం చేసుకుంటారో చేసుకోండి... చంద్రుడొచ్చేదాకా మాత్రం పోను."

చీకట్లోంచి ఎవరో దగ్గరికి జరిగారు.

"పోవద్దనే కదా నాయనా వచ్చా... మెల్లగా మాట్లాడు. పైన సభవాళ్లున్నారు."

"అత్తా?"

"మిల్లు పిండి తెచ్చావని లెయ్ది చెప్పింది. సున్నం లేకుండా నేనే వండి తెచ్చా. వెనక పాత మెట్ల మీద దిగా, రాళ్లు దొర్లాయి."

"మరి ఆ ఈల?"

"ముందుపన్ను ఊడిందిగా. ఆయాసమొస్తే ఈలొస్తది."

"గస్పార్ కోసం నన్ను తరమడానికొచ్చావనుకున్నా."

"గస్పార్‌ అయితే ఈపాటికి వాళ్ల ఊళ్లో ఉండేవాడు. జరుగు."

వాడి అంబలి పారబోసి, తడుముకుంటూ తన అంబలి పోసింది. తొమ్మిది చిప్పలూ నిండుగా. అత్తా అల్లుడూ పక్కపక్కన కూర్చున్నారు. భయం లేదని ఇద్దరూ అన్నారు. అంటూనే ఒకరి చేతులొకరు పట్టుకున్నారు.

చంద్రుడు కన్నంలోకొచ్చాడు. వెలుగు బండమీద పడింది.

తొమ్మిది చిప్పలూ ఖాళీ. నాకినట్టు ఖాళీ.

"తాగేశావా అత్తా?"

"నా రెండు చేతులూ నీ దగ్గరేగా ఉన్నాయి నాయనా..."

అప్పుడు నీళ్ల నడిమధ్యనుంచి... తృప్తిగా... ఒక త్రేన్పు.

వాళ్లు పరిగెత్తలేదు, ముందే చెప్తున్నా. ఆవిడ పాత మెట్ల మీంచి, వీడు నిచ్చెన మీంచి — నడిచే వచ్చారు. నాలుగు బారల నిచ్చెన రెండడుగుల్లో ఎలా నడిచాడని మాత్రం అడక్కు. సభవాళ్లు చంద్రుణ్ని చూశారు, వాణ్ని చూశారు, సెనోతె ఇచ్చేశారు. మర్నాడు పదకొండుమందీ ఈది, పదకొండుమందీ బయటికొచ్చారు.

ఏంటా నవ్వు? కోతలంటావా? సరే, వ్యానెక్కు. ఆ బండమీద ఒక్కడివే కూర్చో, చంద్రుడొచ్చేదాకా. తర్వాత పైకొచ్చి, నేను చెప్పిందంతా ఉత్తదేనని ఊరందరి ముందూ చెప్పు.

రా మరి. లేస్తున్నావా?